దొంగపిల్లా అన్నానే ఆ రోజు

"అమ్మమ్మా, కీర్తన వదిన కొట్టు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పిన్నులు కావాల్సింది తనకి, లోపలికి మాత్రం నన్ను పంపించింది. ఎందుకలా?"

ముందు ఆ తలుపు దగ్గరగా వెయ్యి. గడియ వద్దులే, ఊరికే వెయ్యి. మీ అత్త దొడ్లో బట్టలు ఆరేస్తోంది, దాని చెవిన పడకూడదు. ఆ... ఇలా కూర్చో. మిషను మీద చెయ్యి పెట్టకే, సూది ఉంది.

ఎప్పుడో అడుగుతావని నాకు తెలుసులే లహరీ. వదినే అంది మొన్న. లహరి తెనాల్లో ఇంటర్లో చేరుతోందిగా నానమ్మా, నువ్వే చెప్పు, నా నోటితో నేను చెప్పలేను అంది. అందుకని చెప్తున్నా, లేకపోతే చెప్పేదాన్ని కాదు. మీ అమ్మకి తెలీదు. మీ అత్తకి తెలీదు. మీ మావయ్యకి అసలే తెలీదు. తెలిస్తే... సరే, అక్కడికి కూడా వస్తాను.

అప్పుడు వదిన ఇంటర్ రెండో సంవత్సరం. పొద్దున్నే రేపల్లెలో రైలెక్కి తెనాలి పోయేది, సాయంత్రానికి వచ్చేది. ఇద్దరు స్నేహితురాళ్ళు ఉండేవాళ్ళు, జాహ్నవి, భవ్య అని. జాహ్నవి వాళ్ళది తెనాలే. భవ్యది అంగలకుదురు. మంచి పిల్లలేనే, నేను కాదనను. భవ్య ఒకసారి మనింటికొచ్చి నా చేత జాకెట్టు కుట్టించుకుంది. చేతులకి ఇంత లేసు పెట్టమంది, అదేదో కొత్త మోడలంట. ఒకటే నవ్వు, ముగ్గురూ ఒక చోట చేరితే ఇల్లు ఎగిరిపోయేది. నాకూ ముచ్చటేసేది.

ఆ రోజు నేను చీరకి ఫాల్ కుడుతున్నా. మీ అత్త పొన్నూరు వెళ్ళింది, వాళ్ళ చెల్లెలి బిడ్డకి అన్నప్రాసన. మీ మావయ్య సంగతి తెలిసిందేగా, అడవులదీవి రొయ్యల చెరువుల దగ్గరే ఉంటాడు, వారానికోసారి వస్తే వచ్చినట్టు. ఇంట్లో నేనొక్కదాన్నే. ఫోను మోగింది. ఎవరో మగాయన. "కీర్తన వాళ్ళ నానమ్మగారేనాండి? మీ పాప మా దగ్గరుందండి. మీరొచ్చి తీసుకెళ్ళాలి" అన్నాడు.

రైల్లోంచి పడిందనుకున్నా. ఆసుపత్రి అనుకున్నా. "బతికే ఉందా బాబూ?" అన్నా. చూడు, అదే వచ్చింది నోటికి. ఆయన "బాగానే ఉందండి, మా షాపులో సామాన్లు తీసింది, స్నేహితురాళ్ళతో కలిసి" అన్నాడు. తీసిందంటే ఏంటో నాకు ఎక్కలేదు. కొట్టుకెళ్తే సామాన్లు తియ్యరా మరి? ఎంత బిల్లయింది బాబూ అని కూడా అడిగా. "దొంగతనం అండి మామ్మగారూ" అన్నాడు అప్పుడు. అప్పుడు అర్థమైంది. మిషను మీద చీర అలాగే వదిలేసి చెప్పులేసుకున్నా.

ఆ టైముకి రైలు లేదు. బస్సెక్కా. భట్టిప్రోలు దాటినా, వేమూరు వచ్చినా నాకేం కనపడలేదు, మా బాపట్ల రిబ్బన్ల పిల్లే కళ్ళముందు కనపడుతోంది. నీకు చెప్పలేదు కదూ ఆ సంగతి? మా అన్నయ్యకి, అదే మీ బాపట్ల తాతయ్యకి, బాపట్లలో ఫ్యాన్సీ కొట్టు ఉండేది. గాజులు, రిబ్బన్లు, పౌడరు డబ్బాలు, అలాంటివి. అప్పట్లో కొట్టువాడు బల్లకి అవతల నిలబడేవాడు. నువ్వు ఫలానాది కావాలని అడగాలి, ఆయన తీసివ్వాలి. మూర రిబ్బను పావలా. నీ చెయ్యి సామాను దాకా పోయేదే కాదు. ఇప్పుడేమో అన్నీ మీ చేతికి అందేట్టు పరిచిపెట్టి, ఎన్నైనా ముట్టుకోండి అని, నెత్తిమీద కెమెరా పెట్టి చూస్తూ కూర్చుంటారు. ఆశపెట్టి పట్టుకోటం కాకపోతే ఏంటది? నేను వెనకేసుకు రావట్లేదే, నాకనిపించింది చెప్తున్నా.

ఏం చెప్తున్నా? ఆ, రిబ్బన్లు. ఒకమ్మాయి, నా ఈడుదే, ఎర్ర రిబ్బను చుట్ట జాకెట్లో పెట్టుకుంది. వదిన, అదే మా వదిన, మా అన్నయ్య పెళ్ళాం చూసింది. చూసిన మనిషి చాటుగా చెప్పచ్చుగా? గట్టిగా అరిచింది, బజారంతా పోగయింది. ఆ పిల్లని మర్నాటి నుంచి బడికి పంపలేదు వాళ్ళ నాన్న. ఏడాది తిరక్కుండా పొన్నూరు అవతల ఏదో సంబంధం చూసి చేసేశారు. అంతటితో పోయిందా? మొన్నా మధ్య బాపట్లలో ఒక పెళ్ళికి వెళ్తే ఆవిడ కనపడింది. మనవలు ఉన్నారు, జుట్టు తెల్లబడింది. నా పక్కన కూర్చున్నావిడ నా చెవిలో ఏమందో తెలుసా? "అదుగో, రిబ్బన్ల పిల్ల" అంది. ఇంకా పిల్లేనంట! ఆ రిబ్బను ఇంకా ఆవిడ మెడకి చుట్టుకునే ఉంది.

బస్సులో నాకదే భయం. పోలీసులు కాదు, జైలు కాదు. మీ మావయ్యకి తెలిస్తే చదువు మానిపించేస్తాడు. చెడ్డవాడు కాదే వాడు, నా కొడుకు నాకు తెలీదా? పరువు అన్న మాట వినపడితే చాలు, ఇంకేం వినపడదు వాడికి. ఏదో ఒక సంబంధం చూసి దాన్ని పంపించేస్తాడు, అది అక్కడే ముసల్దయిపోయిద్ది. వేమూరు నుంచి తెనాలి దాకా ఇదే తిరిగింది బుర్రలో.

ఆ షాపు చాలా పెద్దది. పేరెందుకులే. అంతస్తులు, అద్దాలు, లోపలికెళ్తే చలి. వెనకాల అట్టపెట్టెలు పేర్చిన గది ఉంది, అక్కడికి తీసుకెళ్ళారు. జాహ్నవి గోడకానుకుని ఏడుస్తోంది. భవ్య లేదు. గేటు దగ్గర ఆ యంత్రం కుయ్యిమని కూయగానే పరిగెత్తిందంట, మళ్ళీ వెనక్కి చూడలేదంట. కీర్తన ఒక అట్టపెట్టె మీద కూర్చుని ఉంది. ఏడవట్లేదు. తల దించుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులు చూశానే నేను. చిన్నప్పుడు నేను పౌడరు రాసిన చేతులవి.

ఇప్పుడు వినవే, అసలు సంగతి ఇదే. నాకు దాన్ని చిన్నప్పట్నించీ ఏమని పిలవటం అలవాటు? దొంగపిల్లా అని. ఏమే దొంగపిల్లా తిన్నావా, దొంగపిల్లా ఇట్రా, దొంగమొహమా జడ వెయ్యించుకో అని. అందరం అంటాంగా! నిన్నూ అన్నాను. ముద్దొస్తే అదే వచ్చిద్ది నోటికి, మనకి వేరే మాట తెలీదు. దాన్ని ప్రాణంతో చూడగానే, బాబోయ్ బతికుంది, కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి అనుకోగానే, నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. "ఏమే దొంగపిల్లా, ఏంటే ఇది?" అన్నా.

జాహ్నవి ఏడుపు ఆపి నా వంక చూసింది.

కీర్తన తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు చెప్పలేనే. ఆ మేనేజరు, మీ మావయ్య వయసుంటుంది, టై కట్టుకున్నాడు, "చూశారా, ఇంట్లోవాళ్ళే అంటున్నారు" అన్నాడు పక్కనున్న సెక్యూరిటీ అతనితో. అయ్యయ్యో, అది కాదు బాబూ, ముద్దుకి అంటాం కదా అన్నా. మీ ఇంట్లో అనరా అన్నా. గాబరాలో ఇంకా ఏదో చెప్దామని, "చిన్నప్పుడు ఉట్టి మీద బెల్లం ఎత్తుకెళ్ళి తినేదండి, అప్పట్నించీ అలా పిలుస్తాం" అన్నా. "అంటే అప్పట్నించే ఉందన్నమాట అలవాటు" అన్నాడు. నేను ఏం చెప్పినా దాని మీదకే పోతోంది.

బ్యాగు కీర్తనదే. సామాన్లన్నీ దాని బ్యాగులోనే దొరికాయి. గోళ్ళరంగు, పెదాలకి రాసుకునేది, ఒక అట్టకి గుచ్చిన చెవికమ్మలు. నువ్వే తీశావా అని అడిగా. కమ్మలు నేను తీశాను నానమ్మా, మిగతావి వాళ్ళిద్దరూ నా బ్యాగులో వేశారు అంది. సామాన్లకున్న ధర చీటీలు బట్టలు మార్చుకునే గదిలో పీకేశారంట, ఒకటి మిగిలిపోయి గేటు దగ్గర కూసిందంట. పందెమంట! ఎవరికి ధైర్యముందో చూద్దామని. కమ్మలు కావాలని కాదంట, నువ్వు పిరికిదానివే అని వాళ్ళంటే తీసిందంట. అబద్ధం చెప్పలేదు, అది మాత్రం నేను ఒప్పుకోవాలి.

ఇంతలో జాహ్నవి వాళ్ళ నాన్న వచ్చాడు. కారులో వచ్చాడు. వస్తూనే కూతుర్ని చెంప మీద కొట్టాడు, ఆ చప్పుడుకి నేనే ఉలిక్కిపడ్డా. తర్వాత మేనేజరు వైపు తిరిగి, మా అమ్మాయికి ఏం తక్కువండీ, ఇలాంటి పని చెయ్యాల్సిన ఖర్మేంటి, ఈ పిల్లే నేర్పింది అన్నాడు. మేనేజరు, "అవునండి, వాళ్ళ నానమ్మగారు కూడా ఒప్పుకున్నారు" అన్నాడు. ఒప్పుకున్నానంట! జాహ్నవి నోరు తెరిచి, కాదు నాన్నా అంటుందేమో అని చూశా. తెరవలేదు. పాపం, చెంప పట్టుకుని ఉంది. భయం దానికి మాత్రం లేదా?

అప్పుడు తెలిసింది ఫోటో సంగతి. నేను రాకముందే పిల్లలిద్దర్నీ గోడ దగ్గర నిలబెట్టి, చేతుల్లో ఆ సామాన్లు పట్టించి ఫోటోలు తీశారు సెక్యూరిటీ అతని ఫోన్లో. ఒక్కొక్కళ్ళని విడివిడిగా కూడా తీశారు. ఊళ్ళో షాపులవాళ్ళందరికీ వాట్సాప్ గ్రూపు ఉందంట, అందులో పెడతారంట, ఇలాంటివాళ్ళొస్తే జాగ్రత్త అని. జాహ్నవి వాళ్ళ నాన్న ఎవరికో ఫోన్ చేసి మాట్లాడించాడు. దాని ఫోటోలు తీసేశారు. ఆయన కూతుర్ని తీసుకుని, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. మిగిలింది మేమిద్దరం. కీర్తన ఒక్కత్తే కమ్మల అట్ట గుండెల మీద పట్టుకుని నిలబడ్డ ఫోటో కూడా మిగిలింది.

నాకు ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలీదే. మాకెవరున్నారు? సామాన్లకి డబ్బులు కట్టేశా. ఫోటో తీసెయ్యి బాబూ అన్నా. చూద్దాంలెండి అన్నాడు. చూద్దాంలెండి అంటే ఏంటి? నాకు కోపమొచ్చిందో భయమెక్కువైందో తెలీదు, ఆ అట్టపెట్టె మీదే మనవరాలి పక్కన కూర్చున్నా. "పోలీసుల్ని పిలువు బాబూ, ఇప్పుడే పిలువు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లని గదిలో పెట్టి ఫోటోలు తీశారని నేనూ చెప్తా. వాళ్ళేం చేస్తే అది చెయ్యనీ. ఆ ఫోటో పోయేదాకా ఇక్కణ్ణించి లేవను" అన్నా. పోలీసులంటే నాకు ఎంత భయమో నీకు తెలుసుగా, చలానా రాసేవాణ్ణి చూసినా పక్క సందులోకి తిరుగుతా. వాళ్ళు నిజంగా వస్తే ఏమయ్యేదో! ఆయన వాచీ చూసుకున్నాడు. సెక్యూరిటీ అతని దగ్గర ఫోను తీసుకుని ఏదో నొక్కాడు. "పోయింది, చూడండి మామ్మగారూ" అన్నాడు. చూశా. లేదక్కడ.

వచ్చేటప్పుడు ఆ కమ్మల అట్ట నా చేతిలో పెట్టాడు. కొన్నారుగా, తీసుకెళ్ళండి అని. దాన్ని ఏం చెయ్యను? ఇంటికి తెస్తే మీ అత్త ఎక్కడివి అంటుంది. అలాగే పట్టుకుని స్టేషనుకొచ్చాం. అక్కడ కీర్తన మొదటిసారి నోరు విప్పింది. "నువ్వు ఇంటికెళ్ళు నానమ్మా, నేను తర్వాత బండికి వస్తా" అంది.

తర్వాత బండి ఏంటే? ఎందుకే? ఆ మాట వినగానే నా కళ్ళు రైలు పట్టాల మీదకి పోయాయి. షాపులో అంత భయం వెయ్యలేదు నాకు. దాని చున్నీ కొస నా చేతికి చుట్టుకున్నా. ఏంటి నానమ్మా ఇది, అందరూ చూస్తున్నారు అంది. చూడనీ అన్నా. బండి వచ్చేదాకా వదల్లేదు, ఎక్కాక వదల్లేదు, తలుపు పక్క సీటు వద్దని లోపలికి కూర్చోబెట్టా. గట్టిగా చుట్టా కదా, వేళ్ళు నల్లబడ్డాయి నాకు.

రైల్లో ఆ అట్ట సీటు కింద పెట్టేశా, పీడా పోయిందనుకుని. రేపల్లెలో దిగి నాలుగడుగులేశామో లేదో, వెనకనుంచి ఎవరో అమ్మాయి పరిగెత్తుకుంటూ, "మామ్మగారూ, మామ్మగారూ, మీ కమ్మలు మర్చిపోయారు!" అని. కీర్తన నా వెనక్కి నక్కింది. స్టేషనంతా మా వంకే చూస్తున్నట్టుంది. ఆ అమ్మాయి చంకలో చిన్న పిల్ల ఉంది. నీ బిడ్డకి పెట్టుకోమ్మా, మాకొద్దు అన్నా. అదేంటండీ, కొత్తవి కదా అంది. కొత్తవేనమ్మా అన్నా. ఏం చెప్తాం?

ఆ రాత్రి నుంచి నా పక్కలోనే పడుకోబెట్టుకున్నా. మీ అత్త అడిగితే పిల్లకి జ్వరంగా ఉందని చెప్పా. కాలేజీ మానేస్తానంది. మానేస్తే మీ నాన్న ఎందుకని అడుగుతాడు, అప్పుడేం చెప్తావ్ అన్నా. వెళ్ళింది. ఎలా వెళ్ళిందో దానికే తెలియాలి. అక్కడ ఆ భవ్య, పారిపోయింది చూడు, అదే మొదలుపెట్టిందంట, కీర్తనే దొంగ అని. తన పేరు రాకుండా ఉండాలంటే ఎవరి మీదకో తొయ్యాలిగా. కీర్తన బెంచీ మీద కూర్చుంటే పక్కపిల్ల బ్యాగు తీసి అటు పెట్టుకునేదంట. క్లాసులో ఎవరిది పెన్ను పోయినా అందరూ దాని వైపే చూసేవాళ్ళంట. జాహ్నవి ఎదురొస్తే తల తిప్పుకునేదంట. ముగ్గురూ కలిసి చేసిన పనేనే అది. మొయ్యటానికొచ్చేసరికి ఒక్కత్తే.

పరీక్షలు రాసింది, పాసయింది. తెనాలి పక్కనే ఉండగా డిగ్రీకి బాపట్ల ఎందుకే, అంత దూరం బస్సుల్లో అని మీ మావయ్య ఇప్పటికీ గొణుగుతాడు. అందుకన్నమాట. ఇప్పటికీ షాపులోకి రాదు. తప్పక వస్తే రెండు చేతులూ ముందర కట్టుకుని నడుచుద్ది. ఎవరూ అడక్కుండానే బ్యాగు జిప్పు తీసి చూపిచ్చుద్ది, ఆ షాపువాళ్ళే సిగ్గుపడతారు. ఫోను టింగుమంటే చాలు, మొహం తెల్లగా పాలిపోయిద్ది. నేను చూడనట్టు కుడుతూ కూర్చుంటా.

దాన్ని ఆ మాట పిలవటం మానేశా. కీర్తనా అంటా, అమ్మా అంటా. ఒకసారి అదే అంది, "ఏంటి నానమ్మా, ఇదివరకట్లా పిలవవేం?" అని. నోరు రాదే. నాకు చాలా బాధేసిద్ది లహరీ. అంత ముద్దు మాట, దానికి శాపనార్థంలా తగిలింది.

నిన్ను భయపెడదామని కాదు. ఆఁ, భయపెడదామనే అనుకో. నీ స్నేహితురాళ్ళు పందెం అంటే ఒప్పుకోకు. పిరికిదానివి అంటే అవునను. మా అమ్మమ్మ కూడా పిరికిదే, మా ఇంటిల్లిపాదీ పిరికివాళ్ళమే అను. నవ్వితే నవ్వనీ. ఒకవేళ, ఒకవేళ ఏదన్నా అయితే, నాకు ఫోన్ చెయ్యి. తర్వాత బండి మాత్రం వద్దు. నేనొచ్చేదాకా అక్కడే కూర్చో.

అన్నట్టు... నీకు ఫోన్ల సంగతి బాగా తెలుసుగా. ఈ మాట నేను ఎవర్నీ అడగలేదు, అడిగితే ఏ ఫోటో అంటారని. ఆయన నా కళ్ళముందే నొక్కాడు. అలా నొక్కితే పూర్తిగా పోయిద్దా? ఇంకెక్కడా ఉండదుగా? అంతకుముందే ఎవరికన్నా పంపించి ఉంటే?

ఏంటే, అలా చూస్తావ్. చెప్పవే.

...సరే. సర్లే తల్లీ, చెప్పకులే. ఇట్రా, తల వంచు. చల్లగా ఉండు. బాగా చదువుకో. నిన్ను చూసి ఎవరూ సంచి దగ్గరకి లాక్కునే రోజు నీకు రాకూడదు, దేవుడా. వదిన నిన్నూ అడిగిద్ది ఆ ఫోటో సంగతి, ఇవ్వాళో రేపో. పోయింది వదినా అని చెప్పు. నీళ్ళు నమలకుండా, గట్టిగా చెప్పు.